సోమవారం ఫస్ట్ అవర్ పుణ్యమా అని అటెండెన్స్ 71 శాతం. ఇప్పుడేం చేయాలి?

పల్నాటి_కుర్రోడు
మంగళవారం, రాత్రి 11:52

అందరికీ నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. బెంగళూరులో వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కింద ఉన్న ఒక కాలేజీలో ఈసీఈ మూడో సెమిస్టర్. కాలేజీ పేరు అడగొద్దు. ఉండేది మారతహళ్లిలో ఒక పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్), కాలేజీ హొసకోటె రోడ్డు వైపు.

ఇవాళ నోటీసు బోర్డులో అటెండెన్స్ తక్కువైనవాళ్ల షార్టేజ్ లిస్ట్ పెట్టారు. అందులో నా పేరుంది. మిగతా సబ్జెక్టులు 86, 88, 91 ఇలా ఉన్నాయి. ఒక్క నెట్‌వర్క్ అనాలిసిస్ మాత్రం 31 క్లాసులకు 22. అంటే 71 శాతం. మాకు ప్రతి సబ్జెక్టులోనూ 85 ఉండాలి.

నేను బంకులు కొట్టే రకం కాదు. సినిమా కోసం ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. ఆ సబ్జెక్టు సోమవారం, గురువారం ఫస్ట్ అవర్‌లో పడింది, అదీ నా ఖర్మ. క్లాసు 8:30కి. 8:40 దాటాక వెళ్తే లోపలికి రానిస్తారు గానీ అటెండెన్స్ వేయరు. ఊరికి వెళ్లి ఆదివారం రాత్రి బస్సెక్కితే సోమవారం టిన్ ఫ్యాక్టరీ స్టాప్ దగ్గర దిగేసరికే ఎనిమిది దాటుతుంది.

మా బాబాయి కొడుకు కాకినాడలో జెఎన్‌టీయూ కింద చదువుతున్నాడు. వాడిది మొత్తం కలిపి 72. ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) తెచ్చుకుంటాడట, హాయిగా నిద్రపోతున్నాడు. ఇద్దరిలో ఎక్కువ క్లాసులకు వెళ్లింది నేను. లిస్టులో పడిందీ నేనే.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాన్నకు తెలిస్తే ఏమవుతుందో ఆలోచించడానికే భయంగా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

*

మారతహళ్లి_సీనియర్
బుధవారం, అర్ధరాత్రి 12:20

తమ్ముడూ, ముందు మంచినీళ్లు తాగు. నేను ఏడో సెమిస్టర్. మూడో సెమ్‌లో నేనూ ఆ లిస్టులో ఉన్నవాణ్ణే.

లెక్క వేద్దాం. మూడు క్రెడిట్ల సబ్జెక్టు కాబట్టి మొత్తం 40 క్లాసులనుకో. 85 శాతం అంటే 34. నీకింకా 9 మిగిలాయి. అన్నింటికీ వెళ్లినా 22 ప్లస్ 9, 31. అంటే 77.5. కాబట్టి 85 మాట మర్చిపో.

అయితే వీటీయూలో పది శాతం వరకు తగ్గితే ప్రిన్సిపాల్ సిఫారసు మీద మినహాయింపు ఇస్తారు. అంటే 75 వరకు ఆశ ఉంది. 75 అంటే 30 క్లాసులు. ఇక నువ్వు పోగొట్టుకోగలిగింది ఒకే ఒక్క క్లాసు. రెండు పోతే 29 అవుతాయి, 72.5. అప్పుడు ప్రిన్సిపాల్ మంచివాడైనా ఏమీ చేయలేడు. ఆ సబ్జెక్టు పరీక్ష రాయనివ్వరు, మళ్లీ రిజిస్టర్ చేసుకుని మొదటినుంచీ వినాలి. జూనియర్లతో కలిసి కూర్చోవాలి. నా రూమ్మేట్ కూర్చున్నాడు. వాళ్లందరూ 'అన్నా' అంటుంటే వాడి ముఖం చూడాలి.

ఒకటి చెప్పు. ఇప్పటిదాకా నువ్వు వెళ్లని ఆ తొమ్మిది క్లాసులు ఎందుకు పోయాయి? ఒక్కొక్కటీ రాయి. 'ట్రాఫిక్' అని మాత్రం రాయకు.

*

హెబ్బాళ్_టెకీ
బుధవారం, ఉదయం 9:15

ఈ రూల్స్ అంతా దండగ. నేను చదివిన నాలుగేళ్లలో క్లాసులో నేర్చుకున్నది గుండుసున్నా. ఇప్పుడు ఆఫీసుకు పదకొండింటికి వెళ్తున్నా, ఎవడూ అడగడు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లను పిల్లల్లా హాజరు పిలవడం ఏంటి? ఓటు వేయొచ్చు, క్లాసు ఎగ్గొట్టకూడదా?

*

మారతహళ్లి_సీనియర్
బుధవారం, ఉదయం 9:40

హెబ్బాళ్ అన్నా, మీ ఆవేశం బాగానే ఉంది. కానీ వీడికి మూడు వారాలే ఉంది. రూలు మార్చే ఉద్యమం పరీక్షల తర్వాత పెట్టుకుందాం.

*

పల్నాటి_కుర్రోడు
బుధవారం, మధ్యాహ్నం 1:25

క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నా అన్నా. పాత వాట్సాప్ మెసేజీలు చూసుకుంటూ ఇలా తేల్చాను.

దసరాకు, దీపావళికి, మా అత్త కూతురి పెళ్లికి ఊరు వెళ్లి వచ్చిన సోమవారాలు మూడు. జ్వరం ఒకటి, డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు, పీజీ అంకుల్ ఇచ్చిన డోలో వేసుకుని పడుకున్నా. టెక్ ఫెస్ట్‌లో వాలంటీర్‌గా స్టేజీ వెనకాల ఉన్న రోజు ఒకటి. మిగతా నాలుగు ఊరికే లేటు. 8:45, 8:50, 8:43, ఇంకోటి గుర్తులేదు.

ఆ నాలుగూ రాస్తుంటే నాకే సిగ్గేసింది.

*

మారతహళ్లి_సీనియర్
బుధవారం, మధ్యాహ్నం 1:31

ఫెస్ట్ రోజు ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్ ఇచ్చావా?

*

పల్నాటి_కుర్రోడు
బుధవారం, మధ్యాహ్నం 1:33

కోఆర్డినేటర్ సార్ అందరి పేర్లూ రాసుకున్నారు. ఆయనే ఇస్తారనుకున్నా.

*

మారతహళ్లి_సీనియర్
బుధవారం, మధ్యాహ్నం 1:36

ఆయన ఇవ్వరు! ఓడీ లెటర్ మనమే రాసుకుని, కోఆర్డినేటర్ సంతకం, హెచ్‌వోడీ సంతకం పెట్టించుకుని, జిరాక్స్ తీసి, ప్రతి సబ్జెక్టు టీచర్‌కీ ఒక్కోటి ఇవ్వాలి. ఇవాళే పరిగెత్తు. అది పడితే 23 అవుతుంది. చివరికి 32, అంటే 40కి సరిగ్గా 80 శాతం. 77.5తో వెళ్లి బతిమాలడం వేరు, 80తో వెళ్లడం వేరు.

*

పీజీ_పిల్లి
బుధవారం, మధ్యాహ్నం 2:10

[ఈ పోస్టును మోడరేటర్ తొలగించారు]

*

మోడరేటర్
బుధవారం, మధ్యాహ్నం 2:30

ఫోన్ ఫ్రెండ్‌కి ఇచ్చి యాప్‌లో ప్రాక్సీ ఎలా వేయించాలో ఇక్కడ రాయకండి. దొరికితే ఇద్దరూ పోతారు.

*

అడయార్_ఆవకాయ
బుధవారం, సాయంత్రం 5:05

చెన్నై నుంచి. మాకు అన్నా యూనివర్సిటీ రూలు 75. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ లాంటి కారణం చూపించి పరీక్ష రాయొచ్చు. 65 కంటే కింద అయితే సెమిస్టరే మళ్లీ. రిజల్ట్ షీటులో 'ఎస్ఏ' అని పడుతుంది, షార్టేజ్ ఆఫ్ అటెండెన్స్. మా సీనియర్ ఒకడు ఆ రెండక్షరాలు చూసి 'నా ఇనీషియల్స్ కూడా అవే, సూరంపూడి ఆంజనేయులు' అని నవ్వాడు. తర్వాత ఏడ్చాడు లెండి.

మాకు ట్రాఫిక్ కన్నా వానల గొడవ. నవంబరు, డిసెంబరు వచ్చాయంటే పొద్దున్నే లేచి కలెక్టర్ సెలవు ఇచ్చారా లేదా అని టీవీ చూడటమే. ఇస్తే పండగే. కానీ ఆ రోజు ఊరికే పోదు. తర్వాత ఏదో శనివారం 'ఇవాళ మంగళవారం టైమ్ టేబుల్' అని పెడతారు. ఊరెళ్లినవాళ్లందరికీ ఆ శనివారమే దెబ్బ. నాకు రెండు సబ్జెక్టులు అలాగే జారాయి. మీ కాలేజీలో కూడా అలాంటి శనివారాలున్నాయేమో చూసుకో తమ్ముడూ. అవి నీకు మిగిలిన తొమ్మిదిలోనే ఉంటాయి.

*

చాక్‌పీస్
బుధవారం, రాత్రి 9:48

నేను బెంగళూరులోనే ఇంకో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. పుట్టింది ఒంగోలు. బల్లకు అవతలి పక్క నుంచి రెండు మాటలు.

బాబూ, మీ బాబాయి కొడుక్కీ నీకూ తేడా ఒకరు మంచి, ఒకరు చెడు అని కాదు. జెఎన్‌టీయూలో చూసేది అన్ని సబ్జెక్టుల మొత్తం. ఒకదాంట్లో తగ్గినా ఇంకోటి మోస్తుంది. వీటీయూలో ఏ సబ్జెక్టు లెక్క దానిదే. నువ్వు సోమవారం గంట లేటుగా వచ్చావనుకో, అక్కడ రోజులో ఒక పీరియడ్ పోతుంది, ఇక్కడ ప్రతిసారీ అదే సబ్జెక్టు పోతుంది. ఇల్లంతా బాగానే ఉండి ఒక్క దూలానికే చెద పట్టినట్టు. షార్టేజ్ లిస్టులో నేను ఏటా చూసే పేర్లలో ఆవారాగా తిరిగేవాళ్ల కంటే నీలాంటి ఫస్ట్ అవర్ బాధితులే ఎక్కువ. టైమ్ టేబుల్ ఇచ్చిన రోజే ఫస్ట్ అవర్‌లో ఏ సబ్జెక్టు వారానికి రెండుసార్లు వస్తుందో చూసుకుని దానికి ఎర్రగీత గీసుకోవాలి. ఎవరూ గీయరు.

ల్యాబులు ఇంకా ఘోరం. వారానికి ఒక్కసారే కాబట్టి సెమిస్టర్‌కు 13 సెషన్లు వస్తాయనుకో. రెండు పోతే 11. పదమూడుకు పదకొండు అంటే 84.6. రెండంటే రెండు ల్యాబులు! 'మేడమ్, పాయింట్ నాలుగే కదా' అని వస్తారు. సాఫ్ట్‌వేర్‌కు జాలి ఉండదు నాన్నా.

ఇక ఆ 8:40. మాది కూడా దాదాపు అదే పద్ధతి. 8:30కి నేను లోపలికి వెళ్లేసరికి 64 మందిలో ముప్పై మంది కూడా ఉండరు. సర్క్యూట్ గీసి, లూప్ ఈక్వేషన్ మొదలుపెడతాను. తలుపు కిర్రుమంటుంది. 'మే ఐ కమిన్ మేడమ్.' రండి. మళ్లీ గుర్తు ప్లస్సా మైనస్సా చూసుకుంటాను. తలుపు. ఒకరోజు కావాలనే లెక్కపెట్టాను, ఇరవై నిమిషాల్లో పందొమ్మిదిసార్లు తెరుచుకుంది. ఆ రోజు నేను బోర్డు మీద రెసిస్టెన్స్ ఒకటి వేయడం మర్చిపోయాను, ముందు నుంచీ కూర్చున్న ఒక అమ్మాయి చెప్పింది. టైముకు వచ్చిన ఆ అమ్మాయి ఏం పాపం చేసింది?

అలాగని మేమేమీ దొరలం కాదు. మాకూ వేలిముద్ర మిషన్ ఉంది. నెలలో మూడుసార్లు లేటైతే సగం రోజు సీఎల్ (క్యాజువల్ లీవ్) కోత. నేను యలహంక నుంచి వస్తాను, ఆరింటికి ముందే ఇంట్లోంచి బయటపడతాను. మా పాప నిద్రలేచేసరికి నేనుండను.

ఒక సెమిస్టర్‌లో జాలిపడి ఒకబ్బాయికి నాలుగు క్లాసులు వేశాను. వారంలోపు తొమ్మిది మంది నా గది ముందు నిలబడ్డారు. అందరివీ కష్టాలే. అందులో ఒకడి తండ్రి నిజంగానే ఆసుపత్రిలో ఉన్నాడు, వాడు మాత్రం అడగలేదు, వాడి ఫ్రెండ్ చెప్పాడు. అప్పటినుంచీ కాగితం లేకుండా ఎవరికీ వేయను.

నువ్వు చేయాల్సింది: రేపే వెళ్లి మీ సబ్జెక్టు టీచర్‌ని కలువు. చివరి రోజు అమ్మానాన్నలను తీసుకొచ్చి మా ముందు ఏడిపించే కన్నా మూడు వారాల ముందు ఒంటరిగా రావడం మేలు. మార్కులూ హాజరూ పోర్టల్‌లోకి ఎక్కించి లాక్ అయ్యాక హెచ్‌వోడీ అయినా చేయగలిగింది లేదు.

ఇంకో మాట. 8:40 దాటాక వస్తే నువ్వు క్లాసులోకి వెళ్తున్నావా, లేదా?

*

పల్నాటి_కుర్రోడు
బుధవారం, రాత్రి 10:20

అబద్ధం చెప్పను మేడమ్. ఎలాగూ అటెండెన్స్ పడదు కదా అని క్యాంటీన్‌కి వెళ్లేవాణ్ణి.

*

చాక్‌పీస్
బుధవారం, రాత్రి 10:26

అనుకున్నాను. లేటైనా వెనక బెంచీలో కూర్చుని రాసుకునేవాడి ముఖం మాకు గుర్తుంటుంది. 'వీడి పేరు సిఫారసు చేయనా వద్దా' అని హెచ్‌వోడీ అడిగినప్పుడు మేము చూసేది రిజిస్టర్‌ని కాదు, ఆ ముఖాన్ని. క్యాంటీన్‌లో వడ తిన్న ముఖాన్ని కూడా గుర్తుపెట్టుకుంటాం అనుకో.

*

తణుకు_అమ్మ
గురువారం, ఉదయం 6:40

నమస్కారం అండి. మా అబ్బాయి కూడా బెంగళూరులోనే. నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇది చూశాక రాయాలనిపించింది.

పోయినేడు మావారి ఫోనుకు కాలేజీ నుంచి మెసేజ్ వచ్చిందండి. ఇంగ్లీషులో ఉంది. 'షార్టేజ్' అన్న ముక్క చూసి ఫీజు తక్కువ కట్టామేమో అనుకున్నాం. రసీదులన్నీ బయటికి తీసి మళ్లీ కూడుకున్నాం. సరిగ్గానే ఉంది. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకాయన కన్నడంలో ఏదో చెప్పాడు, మధ్యలో 'సర్' 'సర్' తప్ప అర్థం కాలేదు. మావాణ్ణి అడిగితే 'అది అందరికీ వస్తుందమ్మా' అన్నాడు. నమ్మేశాం. సెమిస్టర్ చివర్లో ఏడుస్తూ ఫోన్ చేశాడు, ఒక సబ్జెక్టు పరీక్షకు రానివ్వలేదని.

వాడి మీద కోపం కన్నా, ఆ మెసేజ్ వచ్చిన రోజు వాడు నిజం చెప్పి ఉంటే మావారు రాత్రి బస్సెక్కి వచ్చి మాట్లాడేవారు కదా అని నాకు బాధ. నాన్నా, మీ ఇంట్లో చెప్పు. మీ నాన్న నెంబరు కాలేజీలో ఇచ్చావా, లేక ఎవరిదైనా ఇచ్చావా?

*

పల్నాటి_కుర్రోడు
గురువారం, ఉదయం 7:02

ఆంటీ, మా రూమ్మేట్ రెండో సిమ్ నెంబరు ఇచ్చాను.

బస్సులో ఉన్నా. ఇవాళ 6:50కే బయలుదేరాను.

*

తణుకు_అమ్మ
గురువారం, ఉదయం 7:05

హమ్మ నీ.

*

కోరమంగళ_కుర్ర
గురువారం, ఉదయం 11:10

ఎవరూ చెప్పట్లేదేంటి? హాజరు తక్కువని పరీక్ష రాయకుండా ఆపకూడదని హైకోర్టు తీర్పు ఇచ్చింది కదా. ఆ ప్రింటవుట్ తీసుకెళ్లి హెచ్‌వోడీ టేబుల్ మీద పెట్టు.

*

లా_గిరిజ
గురువారం, మధ్యాహ్నం 12:45

ఆగండి ఆగండి. నేను ఇక్కడే లా నాలుగో ఏడు చదువుతున్నాను, ఆ తీర్పు గురించి మా క్లాసులో గంటన్నర కొట్టుకున్నాం.

అది 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చింది. లా విద్యార్థుల గురించి. హాజరు తక్కువైందని లా విద్యార్థులను పరీక్షల నుంచి ఆపవద్దని చెప్పింది, బార్ కౌన్సిల్‌ని నిబంధనలు మళ్లీ చూడమంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మాకు 70 శాతం ఉండాలి. ఆ కేసు వెనకాల ఉన్న సంగతి మామూలుది కాదు. 2016లో ఢిల్లీలో హాజరు తగ్గి పరీక్ష రాయలేకపోయిన ఒక లా విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. దాని మీద మొదలైన కేసు తొమ్మిదేళ్లు నడిచింది.

కాబట్టి వీటీయూ ఇంజనీరింగ్ కుర్రాడు ఆ కాగితం పట్టుకుని కర్ణాటకలో హెచ్‌వోడీ ముందు నిలబడితే ఆయన టీ తాగుతూ చదివి, బాగుందని తిరిగి ఇచ్చేస్తారు. వాదించడానికి పనికొస్తుంది గానీ మూడు వారాల్లో గట్టెక్కడానికి పనికిరాదు.

*

హెబ్బాళ్_టెకీ
గురువారం, మధ్యాహ్నం 1:20

చూశారా, కోర్టే అంది. నేను అన్నదీ అదే కదా. గణాంకాల కోసం మనుషుల్ని చంపుకుంటామా?

*

సిస్టర్_చిత్తూరు
గురువారం, మధ్యాహ్నం 3:30

హెబ్బాళ్ అన్నా, నేను బీఎస్సీ నర్సింగ్. మాకు థియరీ, ప్రాక్టికల్ రెండింట్లోనూ 80 ఉండాలి, ఏ కారణంతో మానేసినా సరే. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ నూటికి నూరూ పూర్తి చేయాలి. జ్వరమొచ్చి మానేస్తే ఆ గంటలు తర్వాత వార్డులో నిలబడి తీర్చుకోవాలి. నాకు లేబర్ రూమ్ డ్యూటీ ఆరు రోజులు బాకీ పడింది, అందరూ సెలవులకు ఊరెళ్తే నేను ఉండిపోయాను. అప్పుడు బాగా తిట్టుకున్నాను. కానీ మీ ఆవిడకు కాన్పు చేసే సిస్టర్ అటెండెన్స్ మీరు పట్టించుకోరా?

*

హెబ్బాళ్_టెకీ
గురువారం, మధ్యాహ్నం 3:52

నర్సింగ్ వేరు. దాని గురించి నేను మాట్లాడలేదు. సరే, ఒప్పుకుంటున్నా, చేత్తో నేర్చుకునే పనులకు ఉండాలి. థియరీకి మాత్రం నా మాట నాదే.

*

మోడరేటర్
గురువారం, సాయంత్రం 4:15

ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. పల్నాటి కుర్రోడు మొదటి పోస్టులో ఇంట్లో తెలిస్తే భయం అని రాశాడు. ఇలాంటివి రాత్రి పన్నెండింటికి ఒంటరిగా కూర్చుని ఆలోచించే విషయాలు కావు. టెలీ మానస్ నెంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది చదివే ఇంకెవరికైనా సరే.

*

కేఆర్‌పురం_పాప
గురువారం, సాయంత్రం 6:00

రూల్స్ సరే, దారి సంగతి ఎవరూ మాట్లాడరేం? అవుటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డ్ నుంచి కేఆర్ పురం దాకా మెట్రో పనులు జరుగుతూనే ఉన్నాయి. 500డీ సిటీ బస్సు ఎక్కితే మారతహళ్లి నుంచి టిన్ ఫ్యాక్టరీకి ఏడింటికి ఒక టైము, ఏడున్నరకు దానికి రెట్టింపు, ఎనిమిదికి ఇక దేవుడే దిక్కు. అరగంట ముందు బయలుదేరితే అరగంట కాదు, గంట ముందు చేరతాం. ఇది నేను రెండేళ్లు కళ్లారా చూసి చెప్తున్నా. మెట్రో కావాలంటే కుందలహళ్లి స్టేషన్‌కి వెళ్లి పర్పుల్ లైన్ ఎక్కి కేఆర్ పురంలో దిగొచ్చు. చుట్టుదారే గానీ టైము చెప్పినట్టు ఉంటుంది.

మధ్యలో నా సొంత ఏడుపు ఒకటి: కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అని మా అమ్మ ఊళ్లో అందరికీ చెప్పుకుంటోంది. 'ఆధార్ తోర్సి', అంటే ఆధార్ చూపించు అంటాడు కండక్టర్. నాది కడప అడ్రస్. శక్తి పథకం ఇక్కడివాళ్లకే కదా, టికెట్ కొట్టి చేతిలో పెడతాడు.

*

మారతహళ్లి_సీనియర్
గురువారం, సాయంత్రం 6:18

ఇవాళ నువ్వు 6:50కి బయలుదేరావు కదా, ఎన్నింటికి చేరావు? అసలు రోజూ ఎందుకు అలా బయలుదేరలేదు? నిజం చెప్పు.

*

పల్నాటి_కుర్రోడు
గురువారం, సాయంత్రం 6:40

7:50కే క్లాసులో కూర్చున్నా అన్నా. ఊడ్చే ఆమె తప్ప ఎవరూ లేరు. ఆమె నన్ను చూసి 'ఏన్ ఇష్టు బేగ' అంది. ఏంటి ఇంత తొందరగా అని.

రోజూ ఎందుకు వెళ్లలేదంటే, నవ్వొద్దు. మా పీజీలో టిఫిన్ 7:40కి పెడతారు. డబ్బులు కట్టాం కదా, తినకుండా ఎలా పోతాం అని ఆగేవాణ్ణి. తిని, ప్లేటు కడిగి, బస్టాప్‌కు వెళ్లేసరికి ఎనిమిది.

*

మారతహళ్లి_సీనియర్
గురువారం, సాయంత్రం 6:44

ఓరి నాయనా. నాలుగు ఇడ్లీల కోసం సెమిస్టర్ పోగొట్టుకుంటున్నావన్నమాట.

*

చాక్‌పీస్
గురువారం, రాత్రి 8:30

నవ్వకండి, ఇది నిజమైన సమస్యే. మా క్లాసులో కూడా లేటుగా వచ్చేవాళ్లు ఎక్కువగా ఒకే రెండు మూడు హాస్టళ్ల వాళ్లు. అక్కడ వంట లేటు. ప్రిన్సిపాల్ ఎన్ని సర్క్యులర్లు పంపినా ఇడ్లీ ఉడికే టైము మారదు కదా.

*

తణుకు_అమ్మ
గురువారం, రాత్రి 8:55

వంటమనిషి ఎవరు నాన్నా? మనవాళ్లయితే అడుగు. ముందు రోజు చెబితే మొదటి వాయి ఇడ్లీ నీకు డబ్బాలో పెడతారు. ఆడవాళ్లు అడిగితే పెడతారు, మగపిల్లలు అడగడానికి మొహమాటపడతారు, అంతే.

*

పల్నాటి_కుర్రోడు
శుక్రవారం, రాత్రి 10:10

వంట చేసేది నెల్లూరు ఆమె. అడిగాను. 'దానికేం, ఏడింటికి ముందే మొదటి వాయి దింపుతా, డబ్బా తెచ్చుకో' అంది. ఏడాదిన్నరగా అక్కడే ఉంటున్నా, ఎప్పుడూ అడగలేదు.

ఓడీ లెటర్ మీద కోఆర్డినేటర్ సార్ సంతకం అయింది. హెచ్‌వోడీ సార్ సోమవారం వస్తారట. సబ్జెక్టు మేడమ్‌ని కలిశాను. ముందు ఆమె నన్ను గుర్తుపట్టలేదు, అదే ఎక్కువ బాధేసింది. యూఎస్ఎన్ (మా రోల్ నెంబరు) చెప్పాక రిజిస్టర్ తీశారు. వేలు పెట్టి వరుస చూపించారు. సోమ, గురువారాల గళ్లలో ఎర్ర 'ఏ'లు, ఒకదాని కింద ఒకటి. బుధవారం మధ్యాహ్నం గళ్లు దాదాపు నిండుగా ఉన్నాయి. 'ఎల్లిర్తీయప్పా బెళిగ్గె?' అన్నారు. పొద్దున్నే ఎక్కడుంటావయ్యా అని. క్యాంటీన్ అని చెప్పలేకపోయాను.

నాన్నకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'బస్సుకి డబ్బులు చాలుతున్నాయా' అని అడిగాడు. తిడితే బాగుండేది.

*

లా_గిరిజ
శుక్రవారం, రాత్రి 10:31

కాలేజీలో నెంబరు మార్చావా?

*

పల్నాటి_కుర్రోడు
శుక్రవారం, రాత్రి 10:33

మార్చాను అక్కా. నాన్నదే ఇచ్చాను.

*

పల్నాటి_కుర్రోడు
(మూడు వారాల తర్వాత) ఆదివారం, రాత్రి 9:05

అప్‌డేట్ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

తొమ్మిది క్లాసులకు తొమ్మిదీ వెళ్లాను. ఒక సోమవారం కేఆర్ పురం బ్రిడ్జి దగ్గర లారీ ఆగిపోయి జామ్ అయితే బస్సు దిగి డబ్బా చంకన పెట్టుకుని పరిగెత్తాను, 8:37కి చేరాను. చట్నీ బ్యాగులో ఒలికిపోయి నెట్‌వర్క్ నోట్స్‌కి ఇంకా ఆ వాసన ఉంది. ఓడీ పడింది. 32 బై 40. యాప్‌లో 80 చూపిస్తోంది. కండోనేషన్ లిస్టులో పేరు పంపారు. హెచ్‌వోడీ సార్ అండర్‌టేకింగ్ రాయించుకున్నారు, నాన్న సంతకం కావాలన్నారు. నాన్న రెండో పంటకు నీళ్లు పెట్టే టైములో రాలేనంటే, స్కాన్ చేసి పంపితే చాలన్నారు.

జ్వరం రోజు మాత్రం పోయినట్టే. డోలోకి సర్టిఫికెట్ ఇవ్వరు.

సంక్రాంతికి ఇక్కడ ఒక్క రోజే సెలవు. అమ్మ భోగికి రమ్మంటోంది. ఈసారి తిరుగు టికెట్ ఆదివారం రాత్రికి కాకుండా శనివారం రాత్రికి తీశాను. అరిసెలు ఒక రోజు తక్కువ తింటాను.

*

తణుకు_అమ్మ
ఆదివారం, రాత్రి 9:20

అరిసెలు కట్టించుకుని రా నాన్నా, పాడవ్వవు. ఆ నెల్లూరు ఆమెకు కూడా నాలుగు ఇవ్వు.

*

హెబ్బాళ్_టెకీ
ఆదివారం, రాత్రి 9:41

కంగ్రాట్స్ తమ్ముడూ. రూలు మాత్రం ఇప్పటికీ దండగే. అన్నట్టు మా మేనేజర్ రేపటినుంచి స్టాండప్ మీటింగ్ తొమ్మిదిన్నరకు పెట్టాడు. మారతహళ్లి నుంచి ఏడింటి బస్సు గురించి ఎవరో రాశారు కదా, హెబ్బాళ్ వైపు నుంచి అలాంటిదేమైనా ఉందా?

*

మెకానికల్_మూర్తి
ఆదివారం, రాత్రి 11:15

అన్నా నేను కొత్తగా చేరాను, పైన ఉన్నదంతా చదవలేదు. నాకు ఒక ల్యాబులో 13కి 11 ఉన్నాయి, 84.6 చూపిస్తోంది. పాయింట్ నాలుగే కదా, రౌండ్ చేయరా?

*

చాక్‌పీస్
ఆదివారం, రాత్రి 11:18

నిద్రపోదామనుకున్నాను.